కంటి ఖర్చుకు ఎఫ్ఎస్ఏనా, హెచ్ఎస్ఏనా, విజన్ ఇన్సూరెన్సా? అమెరికాలో ఉన్నవాళ్ళకి ఒక లెక్క

మా బెడ్‌రూమ్ సొరుగు లాగితే నావే నాలుగు కళ్ళజోళ్ళు కనిపిస్తాయి. పెట్టుకునేది ఒకటే. మిగతా మూడూ మూడు డిసెంబర్లలో కొన్నవి. ఎఫ్ఎస్ఏలో (వైద్యానికని జీతంలోంచి పక్కన పెట్టే ఆఫీసు ఖాతాలో) డబ్బు మిగిలింది, 31లోపు వాడకపోతే పోతుందని ఆఖరి వారంలో షాపుకి పరుగెత్తాను. మూడోదానికి 212 డాలర్లు పెట్టి, పన్ను మిగిల్చానని గొప్పగా చెప్పుకుంటే, "అక్కర్లేనిది కొన్నాక మిగిలిందేంటి?" అంది మా ఆవిడ. నా దగ్గర జవాబు లేదు.

ఎక్కడ తప్పు చేశానో తర్వాత వెనక్కి తిరిగి చూసుకుంటే తెలిసింది. అక్టోబర్, నవంబర్‌లలో ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ మెయిల్ వస్తుంది, వచ్చే ఏడాదికి ఆఫీసు ఇన్సూరెన్సులు, ఖాతాలు ఎంచుకోమని. లంచ్ టైములో పది నిమిషాల్లో పని కానిచ్చేస్తాం. విజన్ ఇన్సూరెన్స్‌కి ఒక టిక్కు, ఎఫ్ఎస్ఏలో ఒక గుండ్రటి అంకె, సబ్మిట్. మళ్ళీ ఏడాది దాకా మార్చడానికి లేదు. పెళ్ళి, పుట్టిన బిడ్డ, భార్యాభర్తల్లో ఒకరి ఉద్యోగం మారడం లాంటివి జరిగితే తప్ప ఆ అంకె అంతే. కాబట్టి లెక్కంతా ఆ మెయిల్ వచ్చినప్పుడే వెయ్యాలి. అదృష్టం ఏంటంటే, ఒంటికి వచ్చే ఖర్చుల్లో ముందే తెలిసేది కంటి ఖర్చే. జ్వరం ఎప్పుడొస్తుందో తెలియదు కానీ వచ్చే ఏడు ఎన్ని కళ్ళజోళ్ళు కావాలో ఇంట్లో అందరికీ తెలుసు.

ఏది ఏమిటి

ఎఫ్ఎస్ఏ అంటే ఫ్లెక్సిబుల్ స్పెండింగ్ అకౌంట్, ఆఫీసు పెట్టే ఖాతా. జీతంలోంచి పన్ను పడకముందే కొంత డబ్బు పక్కన పెడతారు, దాన్ని వైద్యానికి వాడుకోవాలి. 2025లో గరిష్ఠం 3,300 డాలర్లు, 2026కి 3,400. ఇది మనిషికి, ఇంటికి కాదు. ఇద్దరూ ఉద్యోగం చేస్తుంటే ఎవరి ఆఫీసులో వాళ్ళు విడిగా పెట్టుకోవచ్చు. ఎవరి ఖాతాలోంచి ఎవరి కళ్ళకైనా కట్టొచ్చు, పిల్లలకి కూడా.

మిగిలేదెంత? 22 శాతం స్లాబులో ఉన్నవాళ్ళకి ఆదాయపు పన్ను 22, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కలిపి 7.65, మొత్తం 29.65 శాతం. వెయ్యి డాలర్ల కంటి ఖర్చుకి 296 డాలర్ల చిల్లర మిగులుతుంది. మేముండే టెక్సస్‌లో రాష్ట్రానికి ఆదాయపు పన్ను లేదు కాబట్టి అంతటితో సరి. చాలా రాష్ట్రాల్లో ఇంకొంచెం కలుస్తుంది. న్యూజెర్సీ మాత్రం రాష్ట్ర పన్నులో ఎఫ్ఎస్ఏకి మినహాయింపు ఇవ్వదు. ఎడిసన్ వైపు ఉన్నవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఓపీటీ (స్టూడెంట్ వీసా వాళ్ళకిచ్చే పని అనుమతి) మీద కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలకి మామూలుగా సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కట్ అవ్వవు. వాళ్ళకి ఆ 7.65 శాతం లాభం లెక్కలోకి రాదు.

హెచ్ఎస్ఏ, అంటే హెల్త్ సేవింగ్స్ అకౌంట్, వేరే రకం. డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ కట్టడం మొదలుపెట్టేలోపు మన జేబులోంచి పెట్టాల్సింది) ఎక్కువుండే హెల్త్ ప్లాన్ తీసుకున్నవాళ్ళకే ఇస్తారు. 2026లో ఒక్కరికైతే 4,400, కుటుంబానికైతే 8,750 డాలర్ల దాకా వేసుకోవచ్చు. ఆ డబ్బు మీ సొంతం. ఏడాది మారినా, ఉద్యోగం మారినా అక్కడే ఉంటుంది, షేర్లలో పెట్టి పెంచుకోవచ్చు కూడా. కాలిఫోర్నియా, న్యూజెర్సీ రాష్ట్రాలు దీన్ని మినహాయింపుగా ఒప్పుకోవు. ఫెడరల్ పన్నులో మాత్రం లాభం అందరికీ ఉంది.

మామూలు ఎఫ్ఎస్ఏ, హెచ్ఎస్ఏ రెండూ ఒకేసారి కుదరవు. అందుకే మధ్యలో లిమిటెడ్ పర్పస్ ఎఫ్ఎస్ఏ అని ఇంకొకటి ఉంది. పళ్ళకీ కళ్ళకీ మాత్రమే వాడాలి. హెచ్ఎస్ఏ పక్కనే దీన్ని పెట్టుకోవచ్చు, పరిమితి మామూలు ఎఫ్ఎస్ఏ అంతే. ఎన్‌రోల్‌మెంట్ పేజీలో ఎక్కడో అడుగున ఉంటుంది కాబట్టి మనవాళ్ళు చాలామంది దీన్ని చూడనే చూడరు.

విజన్ ఇన్సూరెన్స్‌ని ఇన్సూరెన్స్ అనడం కన్నా నెలవారీ చందా కట్టే డిస్కౌంటు కార్డు అనుకుంటే లెక్క సులువు. వీఎస్‌పీ, ఐమెడ్ లాంటి కంపెనీలు ఇస్తాయి. ఏడాదికో కంటి పరీక్ష కొద్దిపాటి కోపేతో (మన వాటాగా కట్టే మొత్తంతో), ఫ్రేముకి ఇంత అని ఒక మొత్తం, లెన్సులకి ఇంకో కోపే. కళ్ళజోడైనా తీసుకో, కాంటాక్ట్ లెన్సులైనా తీసుకో, రెండూ ఇవ్వను అంటాయి చాలా ప్లాన్లు.

ఇంకొక ఎఫ్ఎస్ఏ కూడా ఉంది, డిపెండెంట్ కేర్ ఎఫ్ఎస్ఏ. పేరులో డిపెండెంట్ ఉంది కదా, పిల్లల కళ్ళజోడుకి పనికొస్తుందని మా కొలీగ్ ఒకాయన అందులో వేసుకున్నాడు. అది డేకేర్ ఫీజులకి. కంటికి ఒక్క సెంటు కూడా రాదు.

విజన్ ఇన్సూరెన్స్ తీసుకోవాలా వద్దా

ఇది మీరు కళ్ళజోడు ఎక్కడ కొంటారన్న దాని మీద ఉంటుంది. ప్రీమియం నెలకి 9 డాలర్లనుకుందాం, ఏడాదికి 108. పరీక్షకి 10 కోపే, ఫ్రేముకి 150, లెన్సులకి 25 కోపే అనుకుందాం. ప్రతి ఏడాదీ నెట్‌వర్క్‌లో (ప్లాన్ జాబితాలో) ఉన్న డాక్టర్ దగ్గరే పరీక్ష చేయించుకుని, అక్కడే మంచి ఫ్రేము కొనేవాళ్ళకి ఇది గిట్టుబాటే. కళ్ళ పరీక్ష ఒకటి డబ్బు కట్టి చేయించుకుని, పవర్ రాసిచ్చిన చీటీ పట్టుకుని జెన్నీ లాంటి ఆన్‌లైన్ షాపులో నలభై డాలర్ల కళ్ళజోడు తెప్పించుకునేవాళ్ళకి ఆ 108 దండగ. వార్బీ పార్కర్ లాంటివి మధ్యరకం. ఆన్‌లైన్ షాపులు ఎఫ్ఎస్ఏ కార్డు కూడా తీసుకుంటాయి.

చీటీ అడగడానికి మొహమాటపడక్కర్లేదు. పరీక్ష అయిపోగానే ప్రిస్క్రిప్షన్ కాపీ మనం అడక్కుండానే చేతికివ్వాలని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ రూలు. వాళ్ళ దగ్గరే కొనాలని పట్టుబట్టకూడదు. రెండు కనుపాపల మధ్య దూరం, అంటే పీడీ, చీటీలో రాసి తీరాలని మాత్రం ఆ రూలు చెప్పదు. ఆన్‌లైన్‌లో కొనాలంటే అది లేకుండా పని జరగదు. పరీక్ష గదిలో ఉండగానే "పీడీ కూడా రాసిస్తారా" అని అడిగేస్తే ఇంటికొచ్చాక అద్దం ముందు స్కేలు పట్టుకునే బాధ తప్పుతుంది.

నలభై దాటి చత్వారం వచ్చినవాళ్ళ లెక్క మారుతుంది. మెనూ కార్డుని చెయ్యి చాచి చదువుతున్నారంటే మీరూ ఆ గుంపులోకి వచ్చినట్టే. దూరానికీ దగ్గరికీ ఒకటే పనికొచ్చే ప్రోగ్రెసివ్ లెన్సులు, వాటి మీద యాంటీ రిఫ్లెక్టివ్ కోటింగు, పల్చగా ఉండాలంటే హై ఇండెక్స్ అని బిల్లు పెరిగేది లెన్సు దగ్గరే, ఫ్రేము దగ్గర కాదు. ఇన్సూరెన్స్ ఫ్రేముకి 150 ఇచ్చి లెన్సు దగ్గర చెయ్యి వెనక్కి తీసుకుంటుంది. అక్కడ ఎఫ్ఎస్ఏ ఆదుకుంటుంది, కోటింగుతో సహా మొత్తం కట్టొచ్చు. కాబట్టి ప్రోగ్రెసివ్ వాడేవాళ్ళు రెండూ ఉంచుకోవడమే మేలని నా అభిప్రాయం. ముందు ఇన్సూరెన్స్ వాడి, మిగతాది ఎఫ్ఎస్ఏతో కట్టాలి. ఇన్సూరెన్స్ ప్రీమియాన్ని మాత్రం ఎఫ్ఎస్ఏలోంచి కట్టనివ్వరు.

షుగర్ ఉన్నవాళ్ళకి ఒక మాట. ఏడాదికోసారి కంట్లో చుక్కలు వేసి రెటీనా చూసే పరీక్షకి బిల్లు వెళ్ళాల్సింది మామూలు హెల్త్ ఇన్సూరెన్స్‌కి. అది జబ్బుకి సంబంధించినది. పవర్ చూసే పరీక్ష ఒక్కటే విజన్ ప్లాన్‌ది. రిసెప్షన్‌లో రెండు కార్డులూ ఇచ్చి, షుగర్ ఉందని చెప్పండి.

ఎఫ్ఎస్ఏనా, హెచ్ఎస్ఏనా

ఇక్కడ ఆలోచించాల్సింది పన్ను గురించి కాదు, అది రెండింట్లోనూ మిగులుతుంది. మీ ఉద్యోగం ఎంత నిలకడగా ఉంది, ఖర్చు జనవరిలోనా డిసెంబర్‌లోనా, ఈ రెండు ప్రశ్నలే చూడాలి.

ఎఫ్ఎస్ఏలో ఒక వింత ఉంది. ఏడాదికి 2,400 అని ఒప్పుకుంటే, జీతంలోంచి ఇంకా వంద డాలర్లే కట్ అయినా, ప్లాన్ మొదలైన తొలి రోజునుంచే మొత్తం 2,400 వాడుకోవచ్చు. జనవరిలో అంతా వాడేసి మార్చిలో ఉద్యోగం మానేసినా, మిగతా డబ్బు కట్టమని కంపెనీ అడగకూడదు. రూలే అలా ఉంది. హెచ్ఎస్ఏలో ఇలా కుదరదు, అందులో ఎంత పడితే అంతే తీయగలం. ఇప్పుడు చేతి నుంచి కట్టి, తర్వాత ఎప్పుడైనా హెచ్ఎస్ఏలోంచి తీసుకునే వీలు మాత్రం ఉంది, ఖర్చు నాటికి ఖాతా తెరిచి ఉండాలి అంతే.

ఇదే వింతకి రెండో వైపు ఉంది. ఉద్యోగం పోతే చాలా ప్లాన్లలో చివరి రోజుతోనో ఆ నెలాఖరుతోనో ఎఫ్ఎస్ఏ ఆగిపోతుంది. అప్పటికి కట్ అయిన డబ్బు వాడకపోతే కంపెనీకే. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళకి లేఆఫ్ అంటే కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి అరవై రోజుల గడువు, ఇల్లు, పిల్లల స్కూలు, సవాలక్ష టెన్షన్లు. కళ్ళజోడు సంగతి ఎవరికీ గుర్తుండదు. కిందటేడాది మా టీములో ఒకతను ఏడువందల డాలర్లు అలాగే వదిలేశాడు. కంపెనీలో గుసగుసలు మొదలైతే ముందు కళ్ళ డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకోండి.

మీది పెద్ద డిడక్టిబుల్ ప్లాన్ అయి, హెచ్ఎస్ఏ ఉంటే, నా సలహా లిమిటెడ్ పర్పస్ ఎఫ్ఎస్ఏ కూడా తీసుకోమని. కంటి ఖర్చు, పంటి ఖర్చు దాంట్లోంచి పెట్టి, హెచ్ఎస్ఏ డబ్బు ముట్టుకోకుండా పెరగనివ్వండి. ఇరవై ఏళ్ళు పెరగాల్సిన డబ్బుతో ఫ్రేములు కొనడం నాకైతే నచ్చదు. ఇండియాకి తిరిగి వెళ్ళిపోయే ఆలోచన ఉన్నవాళ్ళకి కూడా హెచ్ఎస్ఏ పోయేదేమీ కాదు, ఎఫ్ఎస్ఏ మాత్రం ఆఫీసుతోటే పోతుంది.

ఒక మెలిక ఉంది, ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్ళలో ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే. భర్త ఆఫీసులో హెచ్ఎస్ఏ, భార్య ఆఫీసులో మామూలు ఎఫ్ఎస్ఏ. ఆమె ఎఫ్ఎస్ఏ ఆయన వైద్యానికి కూడా పనికొస్తుంది కాబట్టి, ఆయనకి హెచ్ఎస్ఏలో డబ్బు వేసే అర్హత పోతుంది. తెలియక వేసేస్తారు, పన్నుల టైములో తెలుస్తుంది. ఇద్దరూ ఒకచోట కూర్చుని రెండు ల్యాప్‌టాప్‌లూ పక్కపక్కన పెట్టుకుని ఎన్‌రోల్‌మెంట్ చేసుకుంటే ఈ గొడవ ఉండదు. నిరుడు వాడిన మామూలు ఎఫ్ఎస్ఏలో మిగిలినది ఈ ఏడాదికి వచ్చినా ఇదే చిక్కు.

లాసిక్ అనుకుంటున్నవాళ్ళు

లాసిక్ అంటే కళ్ళజోడు అక్కర్లేకుండా కంటికి చేసే లేజర్ ఆపరేషన్. కంటి ఖర్చుల్లో పెద్దది ఇదే. రెండు కళ్ళకీ కలిపి అమెరికాలో నాలుగైదు వేల డాలర్లు మామూలు. విజన్ ఇన్సూరెన్స్ సాధారణంగా కొంత తగ్గింపు ఇప్పిస్తుందే తప్ప ఖర్చు భరించదు. ఎఫ్ఎస్ఏ, హెచ్ఎస్ఏ రెండింట్లోంచీ కట్టొచ్చు.

చాలామంది చేసే పొరపాటు, ముందు ఎఫ్ఎస్ఏలో 3,400 వేసేసి, జనవరిలో డాక్టర్ దగ్గరికి వెళ్ళడం. ఆయన కొలతలు తీసి కార్నియా పల్చగా ఉంది, మీకు లాసిక్ పనికిరాదంటే? లాసిక్ కుదరలేదన్న కారణంతో ఎఫ్ఎస్ఏ అంకె తగ్గించుకోనివ్వరు. ఇక ఏడాదంతా ఇంటిల్లిపాదికీ కళ్ళజోళ్ళు, పళ్ళ శుభ్రాలు. నా సొరుగు లాంటిదే మీ సొరుగూ అవుతుంది. అందుకే కన్సల్టేషన్ నవంబర్‌లో, ఎన్‌రోల్‌మెంట్ గడువు ముగిసేలోపే అయిపోవాలి. సాఫ్ట్ కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్ళు ఆ కొలతలకి రెండు వారాల ముందే మానెయ్యాలి, గట్టి లెన్సులైతే ఇంకా ముందు. అంటే అక్టోబర్ చివర్లోనే కళ్ళజోడుకి మారాలి.

అర్హత ఉందని తేలితే డబ్బు సర్దుబాటు ఇలా. మీ ప్లాన్‌లో క్యారీఓవర్ (మిగిలింది కొంత వచ్చే ఏడాదికి మళ్ళించే వీలు) ఉంటే 2025లో మిగిలిన దాంట్లో 660 డాలర్ల దాకా 2026కి వస్తుంది. దానికి 3,400 కలిపితే 4,060. భార్యాభర్తలిద్దరికీ ఎఫ్ఎస్ఏ ఉంటే రెండూ కలిపి ఇంకా నిశ్చింత. అయితే ఒకే బిల్లుని రెండు చోట్లా పెట్టకూడదు. ఖర్చు ఏ ఏడాదిదో తేల్చేది ఆపరేషన్ జరిగిన తేదీ, డబ్బు కట్టిన తేదీ కాదు. డిసెంబర్‌లో అడ్వాన్సు కట్టి జనవరిలో చేయించుకుంటే అది కొత్త ఏడాది ఖాతాలోకే వెళ్తుంది.

హైదరాబాద్ వెళ్ళినప్పుడు చేయించుకుంటే? వచ్చు. చట్టబద్ధమైన వైద్యం అయితే ఏ దేశంలో చేయించుకున్నా అర్హమే, కంటి పరీక్షకీ కళ్ళజోడుకీ కూడా. కార్డు గీకడం మర్చిపోండి, చేతి నుంచి కట్టి, వచ్చాక క్లెయిమ్ పెట్టాలి. బిల్లు మీద మీ పేరు, తేదీ, ఏం చేశారో వివరం, మొత్తం స్పష్టంగా ఉండాలి. రూపాయల్ని ఆ రోజు రేటుతో డాలర్లలోకి మార్చి చూపించాలి. కాకపోతే మూడు వారాల సెలవులో లాసిక్ ఇరికించడం నాకు ఇష్టం లేదు. మొదటి రెండు వారాలు లెన్సులు మానడానికే పోతాయి, ఆపరేషన్ మర్నాడు, వారానికి, నెలకి చెకప్పులుంటాయి. ఫ్లైట్ ఎక్కకముందే లెన్సులు మానేసి, సెలవు మొదటి వారంలోనే చేయించుకోగలిగితే, తర్వాతి చెకప్పులకి ఇక్కడ డాక్టర్‌ని ముందే మాట్లాడుకుంటే సరే. పెళ్ళికి వెళ్తూ దారిలో చేయించుకునే పని మాత్రం కాదిది.

మరి అమ్మ శుక్లాల ఆపరేషన్? ఈ ప్రశ్న నన్ను ఎంతమంది అడిగారో లెక్కలేదు. ఇండియాలో ఉండే తల్లిదండ్రులకి కుదరదు. మీరు ప్రతి నెలా డబ్బు పంపుతున్నా సరే, డిపెండెంట్ అవ్వాలంటే అమెరికా పౌరులో, అమెరికా, కెనడా, మెక్సికోల్లో ఒకచోట నివాసులో అయ్యుండాలి. విజిటర్ వీసా మీద వచ్చి కొన్ని నెలలుండి వెళ్ళిపోయేవాళ్ళూ మామూలుగా ఇందులోకి రారు. గ్రీన్ కార్డు మీద మీతోనే ఉంటూ, వాళ్ళ ఖర్చులో సగానికి పైగా మీరే భరిస్తుంటే అప్పుడు వీలుంటుంది.

బిల్లు సంగతి

రెండేళ్ళ క్రితం ఒక షాపులో కళ్ళజోడు కొన్నాను. ఎఫ్ఎస్ఏ కార్డు గీకితే డబ్బు పోయింది, పని అయిపోయిందనుకున్నాను. నెల తర్వాత, రుజువు చూపించమని మెయిల్. నా దగ్గరున్న రసీదు మీద "ఆప్టికల్, 389.00" అని ఒకే లైను. నా పేరు లేదు, పవర్ లెన్సులని లేదు. పంపితే తిరస్కరించారు, కార్డు ఆపేశారు. షాపుకి మూడుసార్లు ఫోన్ చేస్తే గానీ వివరాలున్న బిల్లు రాలేదు. ఆ మూడోసారి హోల్డ్ మ్యూజిక్ ఇప్పటికీ చెవుల్లో ఉంది. అప్పట్నుంచి కౌంటర్ దగ్గరే వివరంగా ప్రింట్ తీయించి, అక్కడే ఫోన్‌లో ఫోటో తీసుకుంటున్నాను.

ఏవి చెల్లుతాయి, ఏవి చెల్లవు అన్నది పెద్ద చిక్కేమీ కాదు. పవర్ ఉన్న కళ్ళజోళ్ళు, పవర్ ఉన్న చలవ అద్దాలు, కాంటాక్ట్ లెన్సులు, వాటి సొల్యూషన్, మందుల షాపులో దొరికే రీడింగ్ గ్లాసులు, 2020 నుంచి ప్రిస్క్రిప్షన్ లేని కంటి చుక్కల మందులు కూడా చెల్లుతాయి. పవర్ లేని చలవ అద్దాలు, అందానికి పెట్టుకునే రంగు లెన్సులు చెల్లవు.

అంకె ఎంత వెయ్యాలి

ముందు మీ ప్లాన్ కాగితంలో ఒక్క లైను వెతకండి. మిగిలిన డబ్బుకి క్యారీఓవర్ ఉందా, గ్రేస్ పీరియడ్ ఉందా, ఏదీ లేదా. రెండూ కలిపి ఇవ్వరు. క్యారీఓవర్ అయితే 2026 నుంచి తర్వాతి ఏడాదికి 680 దాకా వెళ్తుంది, కొంచెం ఎక్కువ వేసినా భయం లేదు. గ్రేస్ అయితే మార్చి 15 దాకా ఖర్చు పెట్టుకోవచ్చు. ఏదీ లేకపోతే తెలిసిన ఖర్చు కన్నా కాస్త తక్కువే వెయ్యండి.

మాది ఏదీ లేని ప్లాన్. ఈసారి కాగితం మీద రాసుకున్నాం. ఇన్సూరెన్స్ పోను నా ప్రోగ్రెసివ్ లెన్సులకి 320, ఫ్రేము పాతదే. మా ఆవిడకి ఏడాది కాంటాక్ట్ లెన్సులు 280, సొల్యూషన్ 60. మా అమ్మాయికి ఆన్‌లైన్‌లో రెండు కళ్ళజోళ్ళు 180, ఒకటి ఎలాగూ బాస్కెట్‌బాల్‌లో విరుగుతుంది. మొత్తం 840, దాని మీద మిగిలే పన్ను 249. అలవాటుగా వెయ్యి అని టైపు చేశాను. మా ఆవిడ ఏమీ అనలేదు, లేచి వెళ్ళి ఆ సొరుగు తెరిచింది. చెరిపేసి 840 కొట్టాను.